మూలపడ్డ చిన్న టిల్లరు: రిపేరా, కొత్తదా?

ప్రశ్న: నేను రిటైరైన టీచరమ్మని. చంద్రగిరి దగ్గర మా ఇంటి వెనక అర ఎకరా ఎర్రనేల ఉంది. టమాటా, వంగ, చిర్రాకు వేస్తాను. గెనిమల మీద అనప తీగలు, చివర నాలుగు మామిడి చెట్లు. నాలుగేళ్ల కిందట బెంగళూరులో ఉండే మా అబ్బాయి ఆన్‌లైన్‌లో 63 సీసీ పవర్ వీడర్ (కలుపు తీసి మట్టి గుల్ల చేసే చిన్న టిల్లరు) తెప్పించి ఇచ్చాడు. టూ స్ట్రోక్, పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసేది. రెండేళ్లు బాగానే చేసింది. పోయిన ఏడాది నుంచి ఇంజను మోగుతుంది గానీ మట్టిలో దించగానే బ్లేడ్లు ఆగిపోతున్నాయి. వానలకు ముందు కొట్టంలో పెట్టేసి, సంక్రాంతి తర్వాత తీస్తే స్టార్ట్ కాలేదు. చోక్ వేసి లాగితే ఒకసారి అందుకుంది, చోక్ తీయగానే ఆగిపోయింది. ఇంకో మాట, మా తోటలో పనికొచ్చే అబ్బాయి ఒకసారి ఆయిల్ కలపకుండా ఉత్త పెట్రోలు పోసి కాసేపు నడిపాడని తర్వాత తెలిసింది. తిరుపతిలో ఒక షాపులో చూపిస్తే కార్బురేటరు, క్లచ్చు, గేరుబాక్సు మూడూ మార్చాలి, 6,500 అవుతుంది అన్నారు. ఇలాంటిదే కొత్తది పన్నెండు వేలకు వస్తోంది. మా అబ్బాయి బ్యాటరీది కొందామంటాడు. పక్క తోట ఆయన 7 హెచ్‌పీది తీసుకోమంటాడు. నాకు 64 ఏళ్లు. ఏం చేయమంటారు?

సమాధానం:

టీచరమ్మగారూ,

ఆ 6,500 ఇప్పుడే ఇవ్వకండి. కొత్తదానికీ తొందరపడకండి. మీ ఉత్తరంలో నా కన్ను ఆగింది కార్బురేటరు దగ్గరా కాదు, గేరుబాక్సు దగ్గరా కాదు. "ఇంకో మాట" అంటూ మీరు పక్కన చెప్పి వదిలేసిన సంగతి దగ్గర. ఉత్త పెట్రోలు పోసి నడిపారన్నారే, అది. షాపువాళ్లకు ఆ మాట చెప్పారో లేదో నాకు తెలీదు. చెప్పి ఉంటే వాళ్లు మొదట చూడాల్సింది వేరే.

టూ స్ట్రోక్ ఇంజనుకు కారు ఇంజనులాగా అడుగున ఆయిల్ నిల్వ ఉండదు. పెట్రోల్లో కలిపి పోసే ఆయిలే పిస్టన్‌కూ, లోపలి బేరింగులకూ తడి. అది లేకుండా నడిస్తే పిస్టన్ వేడెక్కి, ఉబ్బి, సిలిండరు గోడను గీరేస్తుంది. గీరుకున్నాక కంప్రెషన్, అంటే సిలిండరులో గాలిని గట్టిగా అదిమే పట్టు, పోతుంది. కంప్రెషన్ పోయిన ఇంజనుకు కొత్త కార్బురేటరు (పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు పంపేది) బిగించడమంటే పగిలిన కుండకు కొత్త మూత కొన్నట్టే. అందుకే ముందు పిస్టన్ చూడాలి. దానికి ఇంజను విప్పక్కర్లేదు.

ఇంజను చల్లగా ఉన్నప్పుడు ప్లగ్గు మీది క్యాపు పీకేయండి. సైలెన్సరు రెండు బోల్టుల మీద ఉంటుంది, మీ పని అబ్బాయితోనే విప్పించండి. దాని వెనకాల సిలిండరుకు ఒక కిటికీలాంటి రంధ్రం కనిపిస్తుంది. టార్చి వేసి, స్టార్టరు తాడు మెల్లగా లాగుతూ చూస్తే పిస్టన్ పైకీ కిందకీ కదులుతుంది. దాని ఒళ్లు నున్నగా ఉండి, అక్కడక్కడ గోధుమరంగు మరక ఉంటే భయం లేదు. గోళ్లతో రక్కినట్టు నిలువు గీతలుంటే ఆ ఇంజను కథ దాదాపు అయిపోయినట్టే. ప్లగ్గు బిగించి ఉండగానే తాడు లాగినప్పుడు చేతికి తెలిసేది కూడా గమనించండి. ప్రతి చుట్టుకూ ఒకసారి గట్టిగా అడ్డుపడాలి. బొక్కెన తెగిపోయిన చేంతాడులా తేలిగ్గా వచ్చేస్తుంటే కంప్రెషన్ లేదని అర్థం.

సైలెన్సరు విప్పమనడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది, కాస్త సిగ్గుపడుతూనే చెప్తున్నా. పాకాల వైపు మా తోటలో నాకూ ఇలాంటి మిషనే ఉండేది. ఒక వేసవిలో మూడు నెలలు ముట్టుకోలేదు. తర్వాత ఎంత లాగినా బుస్సుమనడమే తప్ప అందుకోదు. ఒక షాపుకు మోసుకెళితే కార్బురేటరు పోయిందన్నారు, మార్చారు. అక్కడ రెండు నిమిషాలు నడిచినట్టే నడిచింది, ఇంటికి తెస్తే మళ్లీ అదే వరస. ఇంకోసారి వెళితే కాయిలు (ప్లగ్గుకు నిప్పురవ్వ అందించేది) పోయిందన్నారు, అదీ మార్చారు. మొత్తం మీద 1,800 వదిలింది. చివరికి మా తోట కాపలా పెద్దాయన సైలెన్సరు మూతిలో పుల్ల పెట్టి పొడిస్తే గుప్పెడు ఎర్రమట్టి రాలింది. కుమ్మరి పురుగు లోపల ఇల్లు కట్టుకుంది. పొగ పోయే దారి లేకపోతే ఇంజను ఎలా నడుస్తుంది? ఆ రోజు నుంచి ఏ మిషను మొరాయించినా నేను మొదట చూసేది దాని సైలెన్సరు మూతినే. మీది నాలుగు నెలలు కొట్టంలో ఉంది కాబట్టి మీరూ చూడండి. మట్టి లేకపోయినా, ఆయిల్ పొగకు మసి పేరుకుని సైలెన్సరు సగం మూసుకుపోయి ఉండొచ్చు. గీకి శుభ్రం చేయండి.

పిస్టన్ నున్నగా ఉందనుకుందాం. అప్పుడు మీ ఉత్తరంలోని రెండో ఆనవాలు పనికొస్తుంది. చోక్ వేస్తే అందుకుని, తీయగానే ఆగిపోవడం. చోక్ చేసేదల్లా గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచడం. అది ఉన్నంతసేపు నడిచిందంటే నిప్పురవ్వ వస్తున్నట్టే, కాయిలు బాగున్నట్టే. కాబట్టి ఎవరైనా కాయిలు మార్చాలంటే ఒప్పుకోకండి. తక్కువవుతున్నది పెట్రోలు. ట్యాంకులో ఉన్నది ఇంజనుదాకా సరిపడా రావడం లేదు.

ఎందుకు రావడం లేదో ఊహించడం కష్టం కాదు. ఇప్పుడు బంకుల్లో మనకు దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. రోజూ తిరిగే స్కూటరుకు దీనితో పెద్ద ఇబ్బంది లేదు, ఎప్పటికప్పుడు ఖర్చయిపోతుంది. అదే పెట్రోలు సగం ట్యాంకులో నెలల తరబడి ఉంటే వేరు. మన తిరుపతి, చిత్తూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, ముసుర్లు. సరిగ్గా ఆ నెలల్లోనే మీ మిషను కొట్టంలో ఉంది. తేమ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగిపోతాయి, ఆయిల్ కలిసిన పెట్రోలు పైన తేలుతుంది. మిషను పీల్చేది అడుగునుంచి. అంటే ఆయిల్ లేని నీళ్ల పెట్రోలు! మీ పని అబ్బాయి కలపడం మరిచిపోకపోయినా, చేటు అలా కూడా జరుగుతుంది.

నమ్మకం కుదరకపోతే ట్యాంకులోది ఒక గాజు సీసాలోకి వంచి కాసేపు కదల్చకుండా ఉంచండి. రెండు పొరలుగా విడిపోయినా, పాత వార్నిష్ వాసన కొట్టినా అది మిషన్‌కు పనికిరాదు. చెట్ల మొదట్లోనో కాలవలోనో పారబోయకండి. మెకానిక్‌కు ఇస్తే సామాన్లు కడుక్కుంటాడు.

ట్యాంకు ఖాళీ చేశాక లోపలికి చూడండి. సన్నటి గొట్టం చివర బరువుగా చిన్న ఫిల్టరు వేలాడుతుంటుంది. కొక్కెంలా వంచిన తీగతో పైకి లాగండి. నల్లబడి గట్టిపడితే కొత్తది వేయాలి. గొట్టాలను వేళ్లతో నొక్కండి, మెత్తగా ఉండాలి. పెళుసెక్కి వెంట్రుకంత పగులు ఉన్నా అందులోంచి పెట్రోలుకు బదులు గాలి పీలుస్తుంది, మీరు చెప్పిన లక్షణమే కనిపిస్తుంది. ఇక కార్బురేటరు. దాని కింద వేలితో నొక్కే రబ్బరు బుడగ ఉంటే లోపల డయాఫ్రం రకం అన్నమాట. నాలుగు స్క్రూలు విప్పితే పలుచటి పొర వస్తుంది. అది సైకిల్ ట్యూబులా మెత్తగా ఉండాలి. ఎండిన తమలపాకులా పెళపెళలాడుతుంటే అయిపోయింది. పొరల కిట్టు విడిగా దొరుకుతుంది. దొరక్కపోయినా దిగులు లేదు, ఈ సైజు ఇంజన్లకు కార్బురేటరు మొత్తం కొన్ని వందల్లోనే వస్తుంది. కొనడానికి వెళ్లేటప్పుడు పాతది చేతిలో పట్టుకెళ్లండి, బోల్టు రంధ్రాల దూరం కలవాలి. పక్కనుండే సన్న స్క్రూలను మాత్రం ఎవరినీ ఊరికే తిప్పనివ్వకండి. తిప్పక తప్పకపోతే ఎన్ని చుట్లు తిప్పారో కాగితం మీద రాసుకోమనండి.

ఒక్క చిన్న సంగతి మరిచిపోయేలా ఉన్నాను. మిషను పది నిమిషాలు నడిచి ఆగిపోయి, ట్యాంకు మూత వదులు చేయగానే మళ్లీ నడిస్తే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినట్టు. సూది పెట్టి పొడిస్తే చాలు, పైసా ఖర్చుండదు.

ఆయిల్ కొలత మిషను మూత మీదో పుస్తకంలోనో రాసి ఉంటుంది, అదే ప్రమాణం. 25:1 అంటే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లు, 40:1 అంటే 25, 50:1 అంటే 20. పోయాల్సింది 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్లకు చేసినది), బైకు ఇంజను ఆయిల్ కాదు. కలిపిన క్యానుకు మెడలో ఎర్రగుడ్డ కట్టి, అది తప్ప మరొకటి పోయకూడదని మీ పని అబ్బాయికి చెప్పండి. క్లాసులో పిల్లలకు చెప్పినట్టు రెండుసార్లు చెప్పండి.

ఇప్పుడు బ్లేడ్ల సంగతి. ఇది పోయిన ఏడాది నుంచీ ఉన్న జబ్బు, స్టార్ట్ కాకపోవడంతో దీనికి సంబంధం లేదు. షాపువాళ్లు రెండిటినీ ఒక మూటగా కట్టి 6,500 అన్నారు. మూడు సామాన్ల ధరలు, కూలి విడివిడిగా రాసివ్వమని అడగండి. అడగ్గానే గేరుబాక్సు మార్చాల్సిన పని లేకుండా పోయినా నేను ఆశ్చర్యపోను.

మట్టిలో దించినప్పుడు ఇంజను గొంతు కూడా తగ్గి ఆగిపోతే తప్పు నేలదో, ఇంజను నీరసానిదో. ఇంజను గట్టిగా అరుస్తూనే ఉండి బ్లేడ్లు మాత్రం ఆగితే క్లచ్చు జారుతోంది. బ్లేడ్ల దగ్గర కటకట శబ్దం వస్తే గేరు పళ్లు. మీరు ఇంజను మోగుతూనే ఉందని రాశారు కాబట్టి క్లచ్చూ గేరూ రెండూ అనుమానితులే. వాటికన్నా ముందు రెండు చవక పనులు చేయండి. హ్యాండిల్ దగ్గర యాక్సిలరేటరు పూర్తిగా నొక్కి పట్టి, కార్బురేటరు దగ్గర ఆ మీట చివరిదాకా వెళుతోందా చూడండి. కేబులు సాగి సగమే తెరుచుకుంటుంటే ఇంజను మోగుతుంది గానీ క్లచ్చు సగం పట్టు మీదే ఉంటుంది. రెండోది, బ్లేడ్ల గొట్టాన్ని షాఫ్టుకు బిగించే పిన్ను. రాయి తగిలి అది తెగిపోతే లోపల షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది, బ్లేడ్లు నిలబడి చూస్తుంటాయి. మీ వైపు కొండ పక్క నేలలు, రాళ్లకు కొదవలేదు.

క్లచ్చు అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఒక గిన్నెలాంటి డ్రమ్ము, అందులో స్ప్రింగుతో పట్టి ఉంచిన రెండు పట్టీలు. ఇంజను వేగం పెరిగితే పట్టీలు బయటికి విసిరినట్టు వచ్చి డ్రమ్మును పట్టుకుంటాయి. అవి అరిగినా, వాటి మీద ఆయిల్ పడినా జారతాయి. తిరుమల ఘాట్ దిగే బండ్ల దగ్గర బ్రేకు పట్టీలు కాలిన వాసన వస్తుంది చూడండి, మిషను దగ్గర అదే వాసన వస్తే క్లచ్చే. పట్టీలు మార్చడం అరగంట పని.

గేరుబాక్సును మీరే పరీక్షించవచ్చు. ప్లగ్గు క్యాపు తీసేసి, మందపాటి గ్లవ్స్ వేసుకుని బ్లేడ్లను చేత్తో ముందుకూ వెనక్కూ ఆడించండి. వేలి మందం ఆడితే మామూలే. పావు చుట్టు వదులుగా తిరిగితే లోపల పళ్లు తినేశాయి. ఆయిలో గ్రీజో ఉన్న మూత విప్పి కాస్త బయటికి తీసి వేళ్ల మధ్య రుద్దండి. కంచు రంగు మెరుపు పొడి తగిలితే ఆ అనుమానం కూడా తీరిపోతుంది. అసలు గేరుబాక్సులు పాడవడానికి మూలం చాలాసార్లు పళ్లలో ఉండదు. షాఫ్టుకు చుట్టుకున్న గరికలో, టమాటా కర్రలకు కట్టే ప్లాస్టిక్ దారంలో, చిరిగిన డ్రిప్పు పైపులో ఉంటుంది. ఆ చుట్ట వేడెక్కి ఆయిల్ సీలును కోసేస్తుంది, గ్రీజు కారిపోతుంది, మట్టి లోపలికి పోతుంది. మీ మిషన్‌కు బ్లేడ్లు ఊడదీసి షాఫ్టు మొదలు చూడండి. అక్కడ ఒక దారం ఉండ దొరుకుతుందని పందెం.

నేల మీద నింద వేయకుండా ఉండలేను. మన ఎర్రనేల ఎండితే ఇటుకే. 63 సీసీ మిషన్లు కలుపు తీయడానికి, మెత్తబడ్డ మట్టిని గుల్ల చేయడానికి చేసినవి. ఎండిన బీడును కొత్తగా దున్నడానికి కాదు. పదును, అంటే మట్టిలో తగినంత తడి, చూసుకోండి. గుప్పెడు మట్టి పిసికి ఉండ చేసి నడుమెత్తు నుంచి వదిలితే పగిలి చెదరాలి. ముద్దగానే పడితే ఇంకా రెండు రోజులు ఆగాలి. అసలు ఉండే కట్టకపోతే ముందురోజు సాయంత్రం తడి పెట్టాలి. ఆ తర్వాత కూడా ఒకేసారి లోతుకు దించకుండా మొదటి సాలు పైపైన, రెండో సాలు కాస్త లోతుగా. బ్లేడ్లు తిరగేసి బిగించారేమో కూడా చూడండి. పదును అంచు తిరిగే దిక్కుకు ముందుండాలి. ఒకసారి విప్పి కడిగినవాళ్లు కుడిదాన్ని ఎడమకు పెట్టేయడం నేను చాలా తోటల్లో చూశాను. అలా పెడితే మట్టిని కోయదు, బాదుతుంది.

లెక్క చెప్తాను. పిస్టన్ బాగుండి, గేరుబాక్సు బాగుంటే గొట్టాలు, ఫిల్టరు, కార్బురేటరు, ప్లగ్గు, క్లచ్చు పట్టీలు మార్చించండి. ఇది 6,500 పని కాదు, నా అంచనాలో మూడో వంతుకు మించకూడదు. పిస్టన్ బాగుండి గేరుబాక్సు మాత్రం పోతే, దాని ధర కొత్త మిషను ధరలో మూడో వంతు దాటితే వద్దు. నాలుగేళ్ల మిషను మీద అంత పెట్టడం దండగ. పిస్టన్ గీరుకుపోయి ఉంటే ఇంకేం చూడకండి, అక్కడితో ఆపండి.

అప్పుడు కొత్తది. ఇక్కడ మీ అబ్బాయితోనూ, పక్క తోట ఆయనతోనూ నేను ఏకీభవించను.

7 హెచ్‌పీ మిషన్లు మంచి పనిమంతులు, కాదనను. కానీ చాలావరకు 60 కిలోల పైమాటే. సాలు చివర తిప్పాలంటే భుజాల బలం కావాలి. రాయి తగిలిందంటే ముందుకు ఎగిరి మనిషిని లాక్కుపోతుంది. బ్లేడ్ల వెడల్పు రెండున్నర, మూడు అడుగులు. కొన్నిటికి బయటి బ్లేడ్లు తీసి తగ్గించుకోవచ్చు గానీ, మీ టమాటా సాళ్ల మధ్య అది తిరిగితే కలుపుతో పాటు టమాటా కూడా పోతుంది. రెండెకరాల మామిడి తోటలో చెట్ల మధ్య తిప్పేవాళ్లకు అది సరైనది. మీరు ఎవరినైనా పెట్టుకుని నడిపించాల్సిందే, మీ చేతులతో అయ్యేది కాదు. అరవై దాటిన చేతులకు ఆ అదురు మంచిది కూడా కాదు.

బ్యాటరీది శబ్దం లేదు, పొగ లేదు, తాడు లాగే పని లేదు. కుండీల పక్కన, పశువుల ఎరువు వేసి ఏళ్ల తరబడి మెత్తబరిచిన ఆకుకూర మడిలో హాయిగా తిరుగుతుంది. మీ చిర్రాకు మడికి సరే. కానీ అర ఎకరా ఎర్రనేలకు చాలదు, మధ్యాహ్నానికే ఛార్జింగ్ కోసం చూస్తూ కూర్చోవాలి. బ్యాటరీ పోయిన రోజు దాని ధర అడిగితే గుండె జారుతుంది. బెంగళూరు అపార్టుమెంటు బాల్కనీ నుంచి చూస్తే అన్నీ మడుల్లాగే కనిపిస్తాయి, మీ అబ్బాయి తప్పేం లేదు.

బ్రష్ కట్టరుకు (భుజాన తగిలించుకుని గడ్డి కోసే మిషను) తగిలించే చిన్న వీడర్ చక్రం గురించి ఎవరైనా చెప్తే వినేసి ఊరుకోండి.

నేనైతే మీ స్థానంలో ఇలా చేస్తాను. ఏడాదికి రెండుసార్లు, పంట పెట్టేముందు, పదునులో ట్రాక్టరు రోటవేటరు బాడుగకు పిలిపిస్తాను. అర ఎకరా ఎంతసేపు, గంటలోపు పని. మీ గేటు వెడల్పు కొలుచుకుని, పెద్ద ట్రాక్టరు పట్టకపోతే మినీ ట్రాక్టరు ఉన్నవాళ్లను అడగండి. గట్టి దుక్కి అంతా దానితో తీరిపోతుంది. సాళ్ల మధ్య కలుపుకు చేత్తో తోసే సైకిల్ వీడర్ ఒకటి తెచ్చుకోండి. ఇంజను లేదు, పెట్రోలు లేదు, కుమ్మరి పురుగుకు ఇల్లూ లేదు. మొలక చిన్నగా ఉన్నప్పుడే వారానికోసారి తోస్తే పొద్దున నడకకు వెళ్లినంత శ్రమే.

అయినా ఇంజను మిషను ఇంట్లో ఉండాలనిపిస్తే (నాకు అలాగే అనిపిస్తుంది, అందుకే మిమ్మల్ని తప్పు పట్టను) ఈసారి టూ స్ట్రోక్ వద్దు. రెండు, మూడు హెచ్‌పీల చిన్న ఫోర్ స్ట్రోక్ టిల్లరు, 25, 30 కిలోల బరువులో చూడండి. ధర ఎక్కువే. కానీ పెట్రోల్లో ఆయిల్ కలిపే పని ఉండదు కాబట్టి మీకు జరిగిన పొరపాటు మళ్లీ జరగదు. దాని బదులు ఇంకో పొరపాటు కాచుకుని ఉంటుంది. ఈ మిషన్లు చాలావరకు పెట్టెలోంచి వచ్చేటప్పుడు ఇంజనులో ఆయిల్ లేకుండానే వస్తాయి. సంబరంగా పెట్రోలు పోసి తాడు లాగితే మొదటి రోజే ఇంజను పోతుంది. చదును నేల మీద పెట్టి, ఆయిల్ పోసి, కొలత పుల్లతో చూసి, అప్పుడే స్టార్ట్ చేయాలి. మొదటి 20 గంటల తర్వాత ఆ ఆయిల్ మార్చేయాలి. కొన్నిటికి ఆయిల్ తగ్గితే ఇంజను స్టార్ట్ కాకుండా ఆపే సెన్సరు ఉంటుంది. వాలులో పెట్టి లాగితే కూడా అది అడ్డుపడుతుంది, మిషను పోయిందని కంగారుపడకండి.

ఏ కంపెనీది అని అడుగుతారు. కంపెనీ కన్నా ముందు షాపు చూడండి. తిరుపతిలోనో చిత్తూరులోనో మీరు ఆటోలో వేసుకుని వెళ్లగలిగే షాపు కావాలి. "స్పేర్లు దొరుకుతాయా?" అని అడిగితే ఎవరైనా దొరుకుతాయనే అంటారు. ఆ మోడల్ కార్బురేటరు, ఆయిల్ సీలు, ఒక జత బ్లేడ్లు బల్ల మీద పెట్టి చూపించమనండి. పెట్టగలిగిన షాపులోనే కొనండి. కొనేముందు మీరే తాడు లాగండి, మీరే హ్యాండిల్ పట్టి రెండుసార్లు వెనక్కి తిప్పండి. మీ అబ్బాయి కాదు, షాపు కుర్రాడు కాదు. వారంటీలో బ్లేడ్లు, క్లచ్చు, ప్లగ్గు, బెల్టులాంటి అరిగే సామాన్లు సాధారణంగా ఉండవు, బిల్లు మీద ఏముందో చదవండి.

నేల దున్నే యంత్రాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాస్తా 5 శాతమైంది. బిల్లులో పాత లెక్క వేస్తే అడగండి. సబ్సిడీ సంగతి కొనక ముందే తేల్చుకోవాలి. కేంద్రం 2014–15లో మొదలుపెట్టిన వ్యవసాయ యాంత్రీకరణ పథకంలో మహిళా రైతులకు, చిన్న, సన్నకారు రైతులకు, ఎస్సీ, ఎస్టీ రైతులకు 50 శాతం దాకా, మిగతావాళ్లకు 40 శాతం దాకా రాయితీకి వీలుంది, ఒక్కో యంత్రానికి గరిష్ఠ పరిమితి ఉంటుంది. పాసుపుస్తకం, ఆధార్ పట్టుకుని మీ రైతు సేవా కేంద్రంలో అడగండి. ఈ ఏడాది పవర్ వీడర్లకు కేటాయింపు ఉందా, ఏ మోడళ్లు జాబితాలో ఉన్నాయి అనేది వాళ్లు చెప్తారు. ముందే కొనేసి తర్వాత బిల్లు చూపిస్తే కుదరదు. పాసుపుస్తకం మీ పేరు మీదే ఉంటే మీరే దరఖాస్తు చేయండి, అబ్బాయి పేరుతో కాదు.

మీరు రాయకపోయినా ఒక మాట అడుగుతాను. మిషను దగ్గరికి చీరతోనే వెళ్తారా? వద్దు. కొంగు, కుచ్చిళ్లు బ్లేడ్లకు అందితే స్విచ్చు నొక్కే సమయం ఉండదు. పాత సల్వారు, కాళ్లకు చెప్పులు కాకుండా బూట్లు. చుట్టుకున్న గడ్డి తీయాలంటే ఇంజను ఆపి, ప్లగ్గు క్యాపు పీకి, అప్పుడే చేయి పెట్టాలి. మీ పని అబ్బాయికి కూడా ఇందులో మినహాయింపు లేదు. కొట్టం లోపల ఇంజను నడిపి చూడటం కూడా మానేయండి, పొగ మూసిన చోట ప్రాణం మీదికి వస్తుంది.

మళ్లీ వానలకు ముందు మూల పెట్టేటప్పుడు ట్యాంకు వంచేసి, ఇంజను దానంతట అది ఆగిపోయేదాకా నడపండి, కార్బురేటరులో ఉన్నది కూడా అయిపోతుంది. ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో ఒక చెంచాడు ఆయిల్ పోసి, తాడు రెండుసార్లు మెల్లగా లాగి, ప్లగ్గు బిగించండి. సైలెన్సరు మూతికి గుడ్డ కట్టండి. తీసేటప్పుడు ఆ గుడ్డ విప్పడం మరిచిపోకుండా హ్యాండిల్‌కు ఒక చీటీ వేలాడదీయండి. నేను ఒకసారి మరిచిపోయి అరగంట తాడు లాగాను. ఇంట్లో అందరూ చూస్తుండగా.

పాత మిషను పనికిరాదని తేలినా తూకానికి వేయకండి. కాయిలు బాగుందని మనం తేల్చుకున్నాం కదా, దానికీ, బ్లేడ్లకూ, స్టార్టరుకూ, హ్యాండిల్‌కూ అదే మోడల్ వాడేవాళ్ల దగ్గర ధర ఉంటుంది. మీకు అంచనా చెప్పిన షాపువాళ్లనే ముందు అడిగి చూడండి, మీ మిషన్ను సామాన్ల కింద ఎంతకు తీసుకుంటారో. సైలెన్సరు విప్పినప్పుడు పిస్టన్ ఫోటో ఒకటి తీసి పంపితే, గీత ఎంత లోతో నేనూ చూస్తాను.